వంశం లెక్క, ఓటు లెక్క

కార్తీకమాసం వచ్చిందంటే నల్గొండ, పాలమూరు జిల్లాల్లో మామిడి తోటలకు గిరాకీ. ఆదివారం పూట తోట నిండా షామియానాలు, ఉసిరి చెట్టు కింద దీపాలు, ఓ మూల గాడిపొయ్యి మీద పెద్ద గుండిగలు. రెండు చెట్లకు లాగి కట్టిన ఫ్లెక్సీ మీద ఒకే ఇంటిపేరు, దాని కింద కొమ్మలు కొమ్మలుగా తాతముత్తాతల పేర్లు. పిల్లలు తమ పేరు ఎక్కడుందో వేలితో వెతుక్కుంటారు. ఒక ముసలాయన కళ్లజోడు సర్దుకుని "మా చిన్నతాతకు ముగ్గురు కొడుకులైతే ఇద్దర్నే రాసిన్రేంది బిడ్డా" అని అడుగుతాడు. కాసేపటికి ఆ ఇంటి ఆడపడుచు ఒకామె వస్తుంది. పైనుంచి కింది దాకా చూస్తుంది. అన్నదమ్ముల పేర్లన్నీ ఉన్నాయి, తన పేరు లేదు. ఎవరినీ ఏమీ అనకుండా వెళ్లి విస్తరి ముందు కూర్చుంటుంది.

భోజనాలయ్యాక మైకు అందుకున్న పెద్దమనిషి ఒక కాగితం తీసి చదువుతాడు. అధ్యక్షులు ఫలానా, ప్రధాన కార్యదర్శి ఫలానా, కోశాధికారి ఫలానా, "ఏకగ్రీవంగా ఎన్నుకోవడమైనది" అంటాడు. చప్పట్లు మోగుతాయి. శాలువాలు కప్పుతారు. పోటీకి ఎవరైనా ఉన్నారా అని అడిగిన వాళ్లు లేరు, ఓటు ఎవరికుందో తెలిసిన వాళ్లూ లేరు.

వంశవృక్షం మీద పేరు తప్పిపోవడం, ఎన్నిక లేకుండా కార్యవర్గం ఏర్పడడం వేరువేరు పొరపాట్లుగా కనిపిస్తాయి. రెండింటికీ మూలం ఒక్కటే, జాబితా. ఎవరు మనవాళ్లు అన్నది తేల్చకుండా వంశవృక్షం గీయలేం, పాలకవర్గాన్నీ ఎన్నుకోలేం. ఇంటిపేరు సంఘాలు, కుల సంఘాలు వంశచరిత్ర పుస్తకాలు అచ్చు వేసుకుంటున్న ఈ రోజుల్లో, ఆ పని మోసే స్వచ్ఛంద పాలకవర్గాలను ఎలా ఎన్నుకోవాలన్నది చిన్న విషయమేమీ కాదు. ఈ మెట్ట జిల్లాల చరిత్రలోనే దీనికి కావలసినంత పాఠం ఉంది.

వంశాన్ని గుర్తుపెట్టుకునే పని ఇక్కడ ఎప్పుడూ ఇంటివాళ్లది కాదు. దానికి వేరే మనుషులుండేవారు. రెడ్ల గోత్రాలు, వంశాలు చెప్పేవారు పిచ్చికుంట్లవారు. పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు. ఊళ్లోకి రాగానే అరుగు మీద కూర్చుని ఇంటిపేరు, గోత్రం ఎత్తుకుని, తాత పేరు, తండ్రి పేరు, కొడుకుల పేర్లు వరసగా చెప్పుకొస్తారు. కిందటిసారి వచ్చి వెళ్లాక పుట్టిన వాళ్లెవరు, పోయిన వాళ్లెవరు అని అడిగి తెలుసుకుంటారు. ధాన్యమో, బట్టలో, డబ్బో పుచ్చుకుని పక్క ఊరు చేరతారు. రాతకోతలు లేని ఇళ్లకు వాళ్ల నోరే దఫ్తరం.

ఆ దఫ్తరానికీ ఒక పాలన ఉండేది. ఏ ఊళ్లు ఏ కుటుంబానివో పంపకం ఉంటుంది. ఆ ఊళ్ల మీద హక్కు మిరాశీగా తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది. దాన్ని తాకట్టు పెట్టుకోవచ్చు, పెళ్లిలో అల్లుడికి రాసి ఇవ్వనూ వచ్చు. ఒకరి ఊళ్లోకి ఇంకొకరు పోతే పంచాయితీ. ఏడాదికోసారి జాతరకు కూడినప్పుడు కులపెద్దలు ఆ తగవులు తీర్చేవారు. కొన్ని కుటుంబాలు తమ హక్కుకు రుజువుగా రాగి శాసనాలు చూపిస్తాయి. ఓటు పెట్టె లేకపోయినా, ఎవరి బాధ్యత ఎంత, తప్పు చేస్తే ఎవరికి జవాబు చెప్పాలి అన్నది అందులో స్పష్టంగా ఉండేది. నేటి చాలా సంఘాల బైలాస్‌లో అంత స్పష్టత కనిపించదు.

ఇంత పని చేసిన మనుషులకు సమాజం ఇచ్చిన మర్యాద మాత్రం తక్కువ. అవమానంగా వినిపించే పిచ్చికుంట్ల అన్న పాత పేరును వెనుకబడిన తరగతుల జాబితా నుంచి తీసేసి, 1995లో ప్రభుత్వం "వంశరాజ్" అని మార్చింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య నాగర్‌కర్నూల్ జిల్లా డక్కలి కళాకారుడు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చాక గానీ ఆ కులం పేరు చాలామంది చెవిన పడలేదు. వంశచరిత్ర కోసం సంఘం పెట్టుకునే వాళ్లు వీళ్లను సభ ప్రారంభంలో పాట పాడించి పంపేస్తున్నారు. పాలకవర్గంలో కుర్చీ వేసిన సంఘం అరుదు.

ఈ నేల కథ చెప్పే ప్రసిద్ధ వంశావళి ఒకటి ఈ సందర్భంలో తప్పక తలచుకోవాలి. రాచకొండ, దేవరకొండ కోటల నుంచి ఏలిన రేచర్ల పద్మనాయకుల కథ "వెలుగోటివారి వంశావళి". నేలటూరి వెంకటరమణయ్య పరిష్కరించగా మద్రాసు విశ్వవిద్యాలయం దాన్ని 1939లో అచ్చు వేసింది. ఆ వంశానికి మూలపురుషుడు ఆమనగల్లుకు చెందిన చెవ్విరెడ్డి. అతనికి నిధి దక్కాలంటే నరబలి కావాల్సి వచ్చిందట. పాలేరుగా ఉన్న రేచడనే దళితుడు తానే ముందుకొచ్చాడని, బదులుగా తన పేరు ఆ వంశానికి నిలవాలని కోరాడని కథ. అలా రేచర్ల గోత్రం ఏర్పడిందని వంశావళి చెబుతుంది. కోటలు కట్టిన వంశం, సంస్కృతంలో గ్రంథాలు రాసిన సింగభూపాలుడు పుట్టిన వంశం, కొల్లాపురం సురభి సంస్థానం తమదని చెప్పుకునే వంశం తన గోత్రనామంలో ఒక కూలి మనిషి పేరు మోస్తోంది. రక్తసంబంధం లేని మనిషి లేకపోతే ఆ చెట్టుకు వేరే లేదు. "మన రక్తం వాళ్లకే సభ్యత్వం" అని బైలాస్ రాసుకునే వాళ్లు ఈ ఒక్క కథ చదివినా చాలు.

ఇక స్వచ్ఛంద సంఘాల సంగతి. పాలకవర్గాన్ని కూడి ఎన్నుకోవడం అనే అలవాటు తెలంగాణలో తేలిగ్గా రాలేదు. నిజాం ప్రభుత్వం గష్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వుతో సభ పెట్టుకోవడానికే అనుమతి కావాలంది. అలాంటి కాలంలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన 1930లో జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. ఆయన పుట్టింది పాలమూరు జిల్లాలోనే. మరుసటి ఏడు రెండో సభ దేవరకొండలో, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది. 1936లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షత వహించారు. ఈ సభల్లో కూర్చున్న వకీళ్లు, బడిపంతుళ్లు, భూస్వాములు జీతం లేకుండా సొంత ఖర్చుతో పనిచేసినవాళ్లే. మొదట్లో అధ్యక్షులను పెద్దలే కూర్చుని నిర్ణయించేవారు. 1943 హైదరాబాదు సభ నాటికి ఆ మొహమాటం పోయింది. అధ్యక్ష పదవికి పోటీ జరిగింది. కొండా వెంకట రంగారెడ్డి గెలిచారు, వామపక్షం నిలబెట్టిన బద్దం ఎల్లారెడ్డి ఓడిపోయారు.

మరుసటి ఏడాది భువనగిరి. అప్పటి నల్గొండ జిల్లాలోనే 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన పదకొండో మహాసభ. అప్పటికే మితవాదులు వేరుపడ్డారు. ఆ సభ సభ్యత్వ రుసుము తగ్గించింది. చూడ్డానికి చిన్న తీర్మానం. కానీ రుసుము తగ్గడంతో సంఘం మేడల నుంచి గుడిసెల్లోకి దిగింది. చదువుకున్న వాళ్ల వేదిక పాలేర్ల, కౌలుదార్ల సంఘమైంది, తర్వాత చరిత్రను మార్చింది. స్వచ్ఛంద సంఘాల ఎన్నికల మీద రాసే వాళ్లు ఎన్నికల అధికారి గురించి, బ్యాలెట్ గురించి పేజీలు నింపుతారు. భువనగిరి చెప్పేది వేరు. సభ్యత్వం ఖరీదు ఎంత అన్న దగ్గరే సగం ఎన్నిక అయిపోతుంది.

ఆ రోజుల్లోనే ఇంకో పాఠం, జాబితా గురించి. తెలంగాణలో కవులే లేరన్న ఎత్తిపొడుపుకు జవాబుగా సురవరం ఊరూరి నుంచి కవిత్వం తెప్పించి 1934లో "గోలకొండ కవుల సంచిక" వెలువరించారు. అందులో 354 మంది కవులు తేలారు. అడిగేవాళ్లు లేకపోతే ఆ పేర్లు ఏ లెక్కకూ వచ్చేవి కావు. ఆదిరాజు వీరభద్రరావు వంటి వారు నడిపిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో "తెలంగాణా శాసనములు" అచ్చు వేసింది. పొలాల్లో పడి ఉన్న రాళ్ల మీది వంశక్రమాలు ఆ పుస్తకంతో చదువరుల చేతికి వచ్చాయి. రెండు పనులూ స్వచ్ఛందంగా చేసినవే. వాళ్లకు శాలువాలు కప్పినవాళ్లున్నారో లేదో గానీ, పేర్లు మాత్రం దక్కాయి.

సంఘం పెట్టుకునేవాళ్లను చట్టం అడిగేది చాలా తక్కువ. ఒకప్పుడు తెలంగాణ ప్రాంతానికి 1350 ఫసలీ నాటి సొసైటీల చట్టం, ఆంధ్ర ప్రాంతానికి 1860 నాటి చట్టం వేరువేరుగా ఉండేవి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం రెండింటి స్థానంలో వచ్చింది. ఏడుగురు చేరితే సంఘం. జిల్లా రిజిస్ట్రారు దగ్గర మెమొరాండం, బైలాస్ దాఖలు చేయాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరిగాక పదిహేను రోజుల్లో కార్యవర్గ సభ్యుల జాబితా ఇవ్వాలి. తగవొస్తే మధ్యవర్తిత్వానికి పోవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేసుకోవచ్చు. ఓటు రహస్యంగా ఉండాలా, పదవి ఎన్నేళ్లు, ఒకరే ఎన్నిసార్లు నిలబడవచ్చు వంటివి చాలావరకు బైలాస్‌కే వదిలేశారు. బైలాస్ పక్క సంఘం నుంచి జిరాక్స్ తీసి పేరు మార్చి అతికించినవైతే, తగవు వచ్చిన రోజున అందులో జవాబు దొరకదు. ఏడేళ్లుగా జాబితా దాఖలు చేయని సంఘంలో ఇద్దరు అధ్యక్షులు, రెండు లెటర్‌హెడ్లు, ఒక బ్యాంకు ఖాతా అనే పరిస్థితి ఎలా వస్తుందో ఏ జిల్లా కోర్టు వకీలును అడిగినా చెబుతాడు.

ఆచరణలో ఎన్నిక ఎలా ఉంటుందో చూడాలంటే యాదగిరిగుట్టకో, శ్రీశైలానికో పోవాలి. గుడికి దగ్గర్లో చాలా కులాలకు ఒక్కో నిత్యాన్నదాన సత్రం. గదులు, వంటశాల, విరాళాల హుండీ, గోడల మీద దాతల పేర్లు. సత్రం పాలకవర్గానికి ఎన్నికలంటే మామూలు ఎన్నికలకు ఏమాత్రం తీసిపోవు. రెండు ప్యానెళ్లు, రంగు కరపత్రాలు, జిల్లాల వెంట కార్ల తిరుగుడు, "మన ప్యానెల్‌ను మొత్తంగా గెలిపించండి" అన్న మెసేజీలు. పోలింగు నాడు ఫంక్షన్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, జీవిత సభ్యుల జాబితా పట్టుకుని ఏజెంట్లు, గేటు దగ్గర బిర్యానీ పొట్లాలు. ఇదంతా తప్పని అనలేం. పోటీ ఉన్న చోట లెక్కలు బయటికొస్తాయి, పాత పాలకవర్గం జవాబు చెప్పుకుంటుంది. చిక్కు జీవిత సభ్యుల జాబితాతోనే. ఎన్నికకు ఆరు నెలల ముందు ఎవరో ఒకరు వందలమంది రుసుము ఒకేసారి కట్టేస్తే ఆ ఓట్లు ఎవరివి? చనిపోయిన సభ్యుల పేర్లు తీసేయకపోతే ఆ ఓట్లు ఎవరివి? పాత 1860 చట్టంలోనే మూడు నెలలకు మించి చందా బాకీ ఉన్న వారికి ఓటు లేదన్న నిబంధన ఉంది. జీవిత సభ్యత్వం వచ్చాక ఆ జల్లెడ కూడా పోయింది.

రెండో చివరన ఉన్నది ఎన్నికే లేకపోవడం. చేనేత సహకార సంఘాలను చూస్తే ఆ కష్టం తెలుస్తుంది. 2013లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2018తో తీరిపోయినా, ఏళ్లతరబడి ప్రభుత్వం వేసిన పర్సన్ ఇన్‌చార్జులతోనే నడిపారు. పోచంపల్లి, పుట్టపాక ఇకత్‌కు పేరు మోసిన నేలే, అయినా మగ్గం మీద కూర్చునే మనిషికి సంఘంలో నోరు లేకుండా పోయింది. ఏకగ్రీవం మోజు కూడా ఈ కోవదే. సర్పంచు పదవికి ఏకగ్రీవమైతే ప్రభుత్వాలు నగదు ప్రోత్సాహకాలు ప్రకటించాయి. కొన్ని ఊళ్లలో పదవిని వేలం పాడారన్న వార్తలూ వచ్చాయి. ఆ అలవాటు సంఘాల్లోకి పాకింది. తగవులు లేకుండా ఉండాలన్న కోరిక మంచిదే. కానీ నలుగురు పెద్దలు ముందురోజు రాత్రి కూర్చుని రాసిన కాగితాన్ని ఏకగ్రీవం అనడం ఆ మాటకే అన్యాయం.

ఈ జిల్లాల ఓటర్లకు పోటీ అంటే భయమూ లేదు. 1952 సాధారణ ఎన్నికల్లో దేశంలోకెల్లా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న లోక్‌సభ సభ్యుడు నల్గొండ నుంచి గెలిచిన రావి నారాయణరెడ్డి. నెహ్రూ కన్నా ఎక్కువ. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినిపించడానికి జలసాధన సమితి పిలుపుతో నామినేషన్లు గుట్టలుగా పడి, చివరికి నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. పోలింగు వాయిదా వేయాల్సి వచ్చింది. అభ్యర్థిగా నిలబడడమే ఒక అర్జీ పెట్టుకోవడమని నల్గొండ జనం చూపించారు. అలాంటి చోట వంద ఇళ్ల సంఘానికి రహస్య ఓటింగు పెట్టడం కష్టమనడం సబబుగా లేదు.

బయటి ప్రపంచంలో వంశచరిత్రకు సంఘం పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్న పనే. అమెరికాలో బోస్టన్ నగరంలో 1845లోనే న్యూ ఇంగ్లండ్ వంశచరిత్ర సంఘం పుట్టింది. లండన్‌లో 1911లో ఒకటి వచ్చింది. 1894లో మొదలైన యూటా వంశచరిత్ర సంఘం మన హరిద్వార్ పండాల వంశ ఖాతా పుస్తకాలైన బహీలను కూడా మైక్రోఫిల్ము తీయించింది. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో కూలీలుగా పోయినవారి ఓడ రికార్డులున్నాయి. అక్కడి తెలుగువారు తమ ముత్తాత ఏ ఊరినుంచి వచ్చాడో ఆ కాగితాల్లోనే వెతుక్కుంటారు. ఇలాంటి స్వచ్ఛంద సంఘాల్లో సాధారణంగా కనిపించే పద్ధతులు రెండు మనకు పనికొస్తాయి. పాలకవర్గంలో మూడోవంతు మంది ఏటా దిగిపోతారు, కాబట్టి పని తెలిసినవాళ్లు ఎప్పుడూ మిగిలి ఉంటారు. కొత్త అభ్యర్థులను వెతికే చిన్న కమిటీ ఒకటి వేరే ఉంటుంది. అయితే ఆ రెండోదానిలో ఒక లొసుగుంది. ఆ కమిటీయే ఖాళీలు ఎన్నో పేర్లు అన్నే ఇస్తే, సభ్యులకు ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. ఆ దేశాల్లోనూ ఏకగ్రీవం వేరే దుస్తులు వేసుకుని వస్తుంది.

మళ్లీ మన చెట్టు దగ్గరికి వద్దాం. ఒక దంపతులకు నలుగురు పిల్లలు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు అనుకోండి. ప్రతి తరంలోనూ అంతే. కొడుకుల పేర్లు మాత్రమే రాస్తే నాలుగు తరాల సంతానంలో 2, 4, 8, 16 కలిపి 30 పేర్లు వస్తాయి. అందరినీ రాస్తే 4, 16, 64, 256 కలిపి 340. ఫ్లెక్సీ మీద ఉన్నది నూటికి తొమ్మిది మంది కూడా కాదు. మేనరికాలు చేసుకునే చోట కొమ్మలు మళ్లీ కలుస్తాయి కాబట్టి అసలు లెక్క కొంత తగ్గవచ్చు, అయినా తేడా ఎంతో కళ్లకు కడుతుంది. కూతురికీ పిత్రార్జితంలో సమాన హక్కునిచ్చే సవరణను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చేసింది. 2005లో దేశమంతటికీ అదే వచ్చింది. తహసీల్దారు ఆఫీసులో విరాసత్ కోసం ఇచ్చే వంశవృక్షంలో కూతురి పేరు రాయక తప్పదు. ఇంటివాళ్లు ప్రేమతో గీసుకున్న చెట్టు మీద మాత్రం ఆమెకు కొమ్మ లేదు. సంఘం సభ్యత్వం "ఇంటికి ఒకరు" అని పెడితే ఆ ఒకరు ఎవరో చెప్పక్కర్లేదు. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభతో పాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ జరిగింది. తొంభై ఏళ్లు దాటాక ఒక ఇంటిపేరు సంఘంలో ఆడవాళ్ల పని ఇంకా దీపాలు వెలిగించడం దగ్గరే ఆగడం బాధాకరం.

ఇంతకన్నా బరువైన విషయం ఒకటుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులం వేరైన అమ్మాయిని ప్రేమించి పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ని ఆసుపత్రి బయట, కడుపుతో ఉన్న భార్య కళ్ల ముందే చంపారు. చంపించింది ఆమె తండ్రే అన్నది కేసు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. వంశం, రక్తం, పరువు అన్న మాటలు ఈ జిల్లాలో ఎంత దూరం తీసుకుపోగలవో అందరూ చూశారు. అందుకే ఇక్కడ వంశచరిత్ర సంఘం పెట్టడం నిప్పుతో పని. కులాంతర వివాహం చేసుకున్న కూతురి పేరు, ఆమె పిల్లల పేర్లు చెట్టు మీద ఉంటాయా? దత్తత వచ్చిన బిడ్డ ఉంటాడా? ఈ ప్రశ్నలకు జవాబు పాలకవర్గంలో ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది. బతికున్న వాళ్ల వివరాలు వాళ్ల అనుమతి లేకుండా అచ్చు వేయడం కూడా ప్రమాదమే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తర్వాత కంప్యూటర్లో పేర్లు పోగేసే సంఘాలు సమ్మతి గురించి ఆలోచించక తప్పదు.

కాబట్టి అభ్యర్థిలో చూడాల్సింది కారు, ఖద్దరు కాదు, పని. నిజాం కాలపు భూమి సర్వే రికార్డులైన సేత్వార్లు, పాత దస్తావేజులు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీలో పట్టాదారు పేరు పక్కన తండ్రి పేరు ఉంటుంది. ముత్తాతను వెతికేవాడికి అది నిధి. ఉర్దూ చదవగల మనిషి పాలకవర్గంలో ఒకరు కావాలి. వలసపోయిన కొమ్మలను వెతికే ఓపిక ఇంకొకరికి కావాలి. ముంబయి కామాఠీపురాకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి పోయిన తెలుగు కూలీల వల్ల వచ్చింది. షోలాపూర్, భివండి మగ్గాల మీద పద్మశాలీ కుటుంబాలు తరాల తరబడి ఉన్నాయి. శ్రీశైలం జలాశయం కింద మునిగిన పాలమూరు ఊళ్లవాళ్లు ఎక్కడెక్కడ చెదిరిపోయారో రాయాలంటే బస్సులెక్కి తిరగాలి. ముసలమ్మల పక్కన కూర్చుని వాళ్లు చెప్పే వరసలు రాసుకోవాలి. లెక్కలు రాయగల మనిషి, ఫొటోలు స్కాన్ చేయగల కుర్రవాడు ఉండాలి. ఇవన్నీ జీతం లేని పనులు. ఇలాంటి వాళ్లు నామినేషన్ వేయడానికి సిగ్గుపడతారు. వాళ్లను అడిగి నిలబెట్టాలి.

పద్ధతి గురించి కచ్చితంగా చెప్పదగ్గవి కొన్నున్నాయి. సభ్యుల జాబితా ఎన్నికకు నెల ముందు గోడకు అంటించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి. తల్లి వైపు నుంచి వచ్చినా, తండ్రి వైపు నుంచి వచ్చినా, పెళ్లితో వచ్చినా సభ్యత్వం ఒకటే. మనిషికి ఒక ఓటు, ఇంటికి కాదు. ఎన్నికకు ముందు ఆరు నెలల్లోపు చేరినవారికి ఆసారి ఓటు ఉండకూడదు. ఎన్నికల అధికారి వేరే కులం నుంచి, వేరే ఊరి నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరైతే మేలు. అభ్యర్థి ఒక్కడే ఉన్నా చీటీ మీద ఒప్పుకోలు, కాదనడం రెండూ ఉండాలి. కోశాధికారి వరసగా రెండుసార్లకు మించకూడదు. వంశం చెప్పే మిరాశీ కుటుంబాలకు రుసుము లేని సభ్యత్వం, పాలకవర్గంలో కుర్చీ ఇవ్వాలి. రేచడి పేరు మోసిన నేలలో ఇది పెద్ద కోరిక కాదు.

ఒక్క చోట మాత్రం ఓటును ఆపేయాలి. ఎవరు ఎవరి కొడుకు, ఏ కొమ్మ ఏ మొదలుది అన్నది మెజారిటీతో తేల్చే విషయం కాదు. పాలకవర్గం మారినప్పుడల్లా మూలపురుషుడు మారితే ఆ పుస్తకం ఎవరికీ పనికిరాదు. రికార్డుల బాధ్యతను ఎన్నికలతో సంబంధం లేని ముగ్గురు, నలుగురికి అప్పగించి, ప్రతి పేరు పక్కన అది ఎక్కడ దొరికిందో, ఎవరు చెప్పారో రాయించాలి. రెండు కథలుంటే రెండూ రాయాలి. ఈ విషయంలో అరుగు మీది పిచ్చికుంట్లాయనకు ఉన్న జాగ్రత్త చాలా అచ్చు పుస్తకాల్లో లేదు.

వచ్చే కార్తీకానికి తోట మాట్లాడుకునే ముందు, ఫ్లెక్సీ అచ్చుకు ఇచ్చే ముందు, సంఘం పెద్దలు ఒక పని చేయండి. ఇంటి ఆడపడుచులకు ఒక్కొక్కరికీ ఫోను చేయండి. "అక్కా, నీ పేరు, నీ పిల్లల పేర్లు చెప్పు, రాసుకుంటున్నం" అనండి. ఆమె చెప్పేది పూర్తయ్యాక, అదే ఫోనులో సభ్యత్వం ఇచ్చి, ఈసారి పాలకవర్గానికి నిలబడతావా అని కూడా అడగండి.